అన్ని చోట్లా మార్చు

పుస్తకాలు కూర్చే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక మాన్యువల్ ఉంది. పన్నెండు వందల నలభై పేజీలు. అందులో ప్రతి అక్షరమూ తనకి కంఠతా వచ్చనీ, నిద్రలో లేపి ఏ పేజీ అడిగినా కామాలతో సహా అప్పజెబుతాననీ వాడు చెప్పుకోని మనిషి ఆ వీధిలో లేడు. కూరగాయల బండాయనకి చెప్పాడు. కరెంటు మీటరు చూసుకోడానికొచ్చినాయనకి చెప్పాడు. పన్ను పీకించుకోడానికెళ్ళి, నోట్లో దూది ఉండగానే పళ్ళ డాక్టరుకి కూడా చెప్పాడు. చెప్పగా చెప్పగా వాడి అసలు పేరు అరిగిపోయి, అందరికీ వాడు మాన్యువల్ అయిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ పుస్తకం మీద ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. ఇటుకంత లావుంది కదాని మానిటరు కింద ఎత్తుకి పెట్టుకున్నాడు. ఆరేళ్ళుగా దాని పుణ్యమా అని మెడనొప్పి లేదు. కాబట్టి మాన్యువల్ వల్ల వాడికేం ఉపయోగం లేదంటే అది అన్యాయం.

వాడు పుస్తకాలకి అక్షరాలు కూర్చిపెట్టే గది టైర్ల కొట్టు పైన. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక పొడుగు బల్ల, తిరిగేటప్పుడు దగ్గే ఒక ఫ్యాను. సాఫ్ట్‌వేర్ మాత్రం ఉద్దండపిండం. విషయసూచిక దానంతటదే కట్టేది. మధ్యలో ఒక పేజీ దూరిస్తే, వెనకున్న మూడొందల పేజీలూ సైన్యంలా ఒకడుగు వెనక్కేసి, నంబర్లు సర్దుకుని నిలబడేవి. ఎటొచ్చీ బొమ్మలతోనే దానికి పడేది కాదు. పైన ఒక్క లైను పెరిగిందా, బొమ్మ అలిగి నాలుగు పేజీలవతలకెళ్ళి కూర్చునేది. ఊపిరితిత్తుల కింద ‘చీలమండ’ అని కనబడేది. అలా ఎందుకవుతుందో, ఎలా ఆపాలో మాన్యువల్లో ఉండే ఉంటుంది. కానీ మాన్యువల్ తియ్యాలంటే మానిటరు ఎత్తాలి.

వాడి అక్క పని, పక్షవాతం వచ్చినవాళ్ళనీ ఎముకలు విరిగినవాళ్ళనీ లేపి మళ్ళీ నడిపించడం. ఆ పని నేర్చుకునేవాళ్ళకి పాఠాలు కూడా చెబుతుంది. వాళ్ళ పాత పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంది, ‘రోగి కాలు పట్టుకుని గట్టిగా పైకి నొక్కాలి’ అని. రాసినాయన ఉద్దేశం పాదం. మన మాటలో తొడ దగ్గర్నించి గోటి దాకా అంతా కాలే కదా. కాలు కడుక్కో అంటే తొడ కడుక్కునేవాడు లేడు, కాలు విరిగిందంటే పాదం వైపు చూసేవాడు లేడు. సందర్భాన్ని బట్టి అందరికీ అర్థమైపోతుంది. ఒక్క రోజు, కొత్తగా చేరిన ఒకమ్మాయికి అర్థం కాలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. ఒక తాపీమేస్త్రి కాలు మొత్తం పట్టుకుని పైకి నొక్కింది. తుంటి కీలు తప్పింది. ఆయన మళ్ళీ నిలబడలేదు. ఆ పిల్ల పని మానేసింది. అక్క ఆ వారమే కొత్త పుస్తకం రాయడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళు రాసింది.

కొత్త పుస్తకాలని ఒప్పుకునేది పాఠ్యపుస్తకాల సంఘం. ఏడేళ్ళకోసారి కిటికీ తెరుస్తారు, పుస్తకాలు తీసుకుంటారు, మూసేస్తారు. వచ్చే నెల అక్క రిటైరవుతోంది. ఏడేళ్ళ తర్వాత ఆ కిటికీ ముందు నిలబడి అడిగే హక్కు ఆవిడకి ఉండదు, ఉద్యోగంలో ఉన్నవాళ్ళ పుస్తకాలే తీసుకుంటారు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ముందుగా పంపిన ప్రతి చూసి సంఘం వాళ్ళు మెచ్చుకుంటూనే ఒక మెలిక పెట్టారు. పుస్తకం బాగుందిగానీ మీరు కూడా కొన్నిచోట్ల కాలునీ పాదాన్నీ కలిపేశారు, విడదీసి తెండి అన్నారు. అక్కకి తల కొట్టేసినట్టయింది. ఏ తప్పు కోసం పదకొండేళ్ళు కూర్చుందో ఆ తప్పే తన చేతిలోంచీ జారింది. కాళ్ళ గురించి ఉన్న తొంభై పేజీలూ ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్సిల్ పట్టుకుని, మూడు వారాలు కూర్చుంది. మూడొందల ఎనభై ఎనిమిది చోట్ల గీత పెట్టింది. కొన్నిచోట్ల కాలు పాదం కావాలి, కొన్నిచోట్ల పాదం కాలు కావాలి. ఒక్కో గీత పక్కనా ఎందుకో కూడా రాసింది. ఆ కాగితాలు తమ్ముడి చేతిలో పెట్టి, ‘ఒక్కోటీ చూసి మార్చు, నాలుగు రోజులుంది’ అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

వాడు మొదటి మూడు పేజీలు చూశాడు. మూడింట్లోనూ కాలు కొట్టేసి పాదం అని ఉంది. లోకజ్ఞానం ఉన్నవాడికి అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు కదా, వాడు ఏకంగా మూడు మెతుకులు చూశాడు. ఈ మాత్రం దానికి నాలుగు రోజులెందుకు, ఆఖరి రోజు పొద్దున ఒక్క మీట నొక్కితే సరి అనుకుని, నిశ్చింతగా మూడు రోజులు క్యారమ్స్ ఆడుకున్నాడు.

ఆఖరి రోజు పొద్దున తొమ్మిదింబావుకి కూర్చున్నాడు. పైగడిలో ‘కాలు’ అని కొట్టాడు. కింది గడిలో ‘పాదం’ అని కొట్టాడు. దాని కింద ‘అన్ని చోట్లా మార్చు’ అని ఒక బొత్తాం. నొక్కాడు. ఫ్యాను ఒకసారి దగ్గేలోపు పని అయిపోయింది. ‘1,846 చోట్ల మార్చడమైనది’ అని వచ్చింది.

ఆ సంఖ్య చూసి వాడు కంగారు పడలేదు, పొంగిపోయాడు. మూడొందల ఎనభై ఎనిమిది అడిగితే పద్దెనిమిది వందల నలభై ఆరు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అంటే అలా పెట్టే చెయ్యి అయ్యుండాలి. సేవ్ చేశాడు, మూసేశాడు, కిందకెళ్ళి టీ తాగొచ్చాడు. వచ్చాక ముచ్చటగా ఒక పేజీ ప్రింటు తీసి చదివాడు.

‘ఈ వ్యాయామాలు నాలుగు రపాదం.’

ప్రింటరు తిక్కేమోనని ఇంకో పేజీ తీశాడు. ‘మోపాదం నొప్పికి కారణాలు.’ ఇంకోటి. ‘నడకకి ఎదురయ్యే ఆటంపాదం.’ గాలి గురించి చెప్పే అధ్యాయంలో ‘వాయు పాదంష్యం’ ఉంది. ముందుమాటలో అక్క తన గురువుగారిని తలుచుకుంటూ, ‘ఆయన జ్ఞాపపాదం నన్ను వదల్లేదు’ అంది. ఆఖర్న సంఘం సభ్యులందరి సంతపాదం కోసం ఖాళీ వదిలింది.

రకాలు, ఆటంకాలు, జ్ఞాపకాలు, సంతకాలు. భాషలో సగం మాటల చివర కాలు ఉందని వాడికి నలభై నాలుగేళ్ళ తర్వాత ఆ పొద్దున తెలిసింది. ఒక్క అరికాలు మాత్రం అరిపాదం అయి, ఫరవాలేదన్నట్టు నిలబడింది. వాడు ఆ ఒక్క మాటనే అయిదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా పడవే.

‘వెనక్కి’ బొత్తాం నొక్కాడు. అది చలించలేదు. ఫైలు తెరిచి ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. మూసేసి తెరిస్తే పుట్టినపిల్ల. పది నిమిషాలకోసారి దానంతటదే ఒక నకలు దాచుకుంటుంది కదాని అది తెరిచాడు. దాచుకుంది, నమ్మకంగా. రపాదంతో సహా. పాత నకలు మీదే కొత్త నకలు పెట్టుకుంటుందట, చోటు కలిసొస్తుందని.

అప్పుడు వాడికి మాన్యువల్ గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మానిటరు ఎత్తి, ప్లాస్టిక్ కవరు పళ్ళతో చింపాడు. చివర అక్షరక్రమంలో పట్టిక ఉంది. ‘మార్చు’ దగ్గరకెళ్తే ‘ప్రతిస్థాపన చూడుము’ అని ఉంది. ‘ప్రతిస్థాపన’ దగ్గరకెళ్తే ‘మార్చు చూడుము’ అని ఉంది. అలా రెండు మాటల మధ్య కాలుగాలిన పిల్లిలా పదిసార్లు తిరిగాడు. పుస్తకంలో లేని విషయం లేదు. పేజీ చుట్టూ ద్రాక్షతీగల అంచు ఎలా కట్టాలో నలభై పేజీలు చెప్పారు. అక్షరాలకి నీడ ఎటు పడాలో, నీడకి నీడ ఎటు పడాలో చెప్పారు. కొంప మునిగినప్పుడు ఏం చెయ్యాలో చెప్పాల్సిన చోట, ఏడొందల ముప్ఫై ఒకటో పేజీలో, చీమలు కూడా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ‘ఈ ఆజ్ఞ నిచ్చుటకు పూర్వమే దస్త్రమునకు వేరొక నకలు తీసి ఉంచుకొని యుండుట వివేకవంతుల లక్షణము.’

వివేకవంతుల లక్షణం తెలిసింది. వివేకం లేనివాళ్ళు ఏం చెయ్యాలో పన్నెండొందల నలభై పేజీల్లో ఒక్క వాక్యం లేదు.

వాడికి ఒళ్ళంతా చెమట పట్టింది. కాసేపటికి ఆ చెమటలోంచే ఒక ఉపాయం పుట్టింది. కాలుని పాదం చేసినవాడు పాదాన్ని కాలు చెయ్యలేడా. తిరగేసి నొక్కాడు. రకాలు వచ్చాయి. మోకాలు వచ్చింది. జ్ఞాపకాలు తిరిగొచ్చాయి. వాడు కుర్చీలోంచి లేచి ఫ్యానుకి దణ్ణం పెట్టాడు. పెట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. పుస్తకంలో ఇప్పుడు పాదం అనే మాట ఒక్కటి కూడా లేదు. అక్క మొదట్నించీ సరిగ్గా రాసుకున్న పాదాలు కూడా కాళ్ళయిపోయాయి. ‘పాద సంరక్షణ’, ‘పాదాన్ని’ లాంటివి కొన్ని తప్పించుకున్నాయి, వాటిలో ‘దం’ లేదు కాబట్టి. మిగతా అంతా ఒకటే కాలు. పాత పుస్తకంలో కనీసం సగం ఒప్పులుండేవి. వాడు పుస్తకాన్ని ఒక్క గంటలో పదకొండేళ్ళు వెనక్కి, ఇంకో నాలుగడుగులు ఎక్కువే వెనక్కి నడిపించాడు.

పన్నెండింటికి అక్కా బావా మెట్లెక్కారు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది, చేతిలో దరఖాస్తు ఉంది. బావ లిఫ్టు మెకానిక్కు, ఆ రోజుకి సెలవు పెట్టాడు. నాలుగింటికి కిటికీ మూసేస్తారు, ఆఫీసుకి బస్సులో అరగంట, కాబట్టి తీరిగ్గా అట్ట వేయించుకుని వెళ్దామని ముందుగా వచ్చారు.

వాడు మానిటరు వైపు చెయ్యి చూపించాడు. సాఫ్ట్‌వేర్‌కి పొద్దున్నే ఏదో మబ్బు పట్టిందనీ, ప్రపంచమంతా ఇదే గొడవనీ, కంపెనీవాళ్ళు ఏడుస్తున్నారనీ చెప్పాడు. అక్క స్క్రీను మీద ఒక పేజీ చదివింది. ఇంకోటి చదివింది. బావ మాత్రం బల్ల మీద తెరిచి ఉన్న మాన్యువల్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయనకి మాన్యువల్ అంటే భక్తి. లిఫ్టు మాన్యువల్ చదవకుండా చెయ్యి పెట్టినవాడు నాలుగో అంతస్తు నుంచి కిందకొస్తాడు, మెట్లు మాత్రం వాడడు అని ఎప్పుడూ అంటుంటాడు. ఆ పట్టికలో రెండు మాటల మధ్య చిక్కుకోకుండా, మొదటి పేజీ నుంచి అధ్యాయాల పేర్లు చూసుకుంటూ వెళ్ళి, రెండు నిమిషాల్లో ఏడొందల ముప్ఫయ్యో పేజీ పట్టుకున్నాడు.

“ఇక్కడ ‘పూర్తి మాట మాత్రమే’ అని ఒక గడి ఉందంట. అందులో టిక్కు పెడితే రకాలు జోలికెళ్ళదంట. పెట్టావా?”

పెట్టలేదని వాడు తలూపాడు.

“పెట్టినా నీకు ఒరిగేదేం లేదులే. మన మాటకి ‘ని’, ‘తో’ అన్నీ అతుక్కునే ఉంటాయి కదా, కాలుని, కాలుతో కనబడితే అది వేరే మాటనుకుని వదిలేస్తుందంట. ఆ సంగతి కింద రాశారు, నిజాయితీగలవాళ్ళే.” బావ పేజీ తిప్పాడు. “ఇంకోటి కూడా ఉంది. ఈ బొత్తాం ఎవరో ఒకళ్ళు నొక్కితే తప్ప దానంతటది నొక్కుకోదంట. మబ్బు పడితే నొక్కుకుంటుందని ఎక్కడా లేదు బామ్మర్దీ.”

వాడు నేల చూశాడు. నొక్కింది నేనే అన్నాడు.

“పప్పులో కాలేశావనుకున్నా,” అన్నాడు బావ. “పాదం కూడా వేశావన్నమాట.”

అక్క నవ్వలేదు. గోడ గడియారం చూసింది. అరవలేదు కూడా. అరిస్తే వాడికి బాగుండేది, అలవాటే కాబట్టి. “తొంభై పేజీలు,” అంది నెమ్మదిగా. “ముగ్గురం ఉన్నాం. మూడు గంటలుంది. నా ఎర్ర పెన్సిల్ కాగితాలు తియ్యి. నేను చెబుతా, నువ్వు కొట్టు. అయిపోతుంది.”

నిజంగానే అయిపోయేది. ఆ కాగితాల్లో ప్రతి కాలూ ప్రతి పాదమూ ఉన్నాయి. చూసి కొట్టడమే.

కాగితాలు లేవు. మొన్న మధ్యాహ్నం ఒకాయన పిల్లి పోయిందని పరిగెత్తుకొచ్చాడు. తొంభై నోటీసులు, వెంటనే కావాలన్నాడు. గదిలో తెల్లకాగితం అయిపోయింది. బల్ల మీద తొంభై కాగితాలు, వెనక వైపు తెల్లగా, పాలలా మెరుస్తూ ఉన్నాయి. ఎలాగూ ఒక్క మీటతో అయిపోయే పనికి ఈ కాగితాలెందుకనుకుని వాడు వాటిని ప్రింటర్లో పెట్టాడు. ‘పిల్లి తప్పిపోయింది. తెల్లది. పిలిస్తే పలకదు.’ ఆ ఆసామి సంతోషంగా తీసుకెళ్ళి ఊరంతా జిగురుతో అంటించుకున్నాడు, పిల్లి వైపు బయటికి, అక్క వైపు గోడకి.

ఇది చెప్పడానికి వాడు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరేది వచ్చింది.

“సంచీ బస్సులో పోయింది అక్కా. నిన్న. ఎవడో కొట్టేశాడు. డ్రైవరుని కూడా అడిగాను.”

అక్క కుర్చీలో కూలబడింది. బావ వచ్చి వాడి భుజం తట్టాడు, పోనీలేరా, నీకు మాత్రం తెలుసా అన్నాడు. ఆ చెయ్యి వాడి భుజం మీద రుబ్బురోలంత బరువుగా ఉంది.

తర్వాత రెండున్నర గంటలు ఆ గదిలో జరిగింది చూసి ఫ్యాను కూడా దగ్గడం మానేసింది. అక్క మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. వాక్యం చూసి కాలో పాదమో చెప్పాలి, వాడు కొట్టాలి. మూడు వారాలు ఆలోచించి పెట్టిన గీతలు, ఇప్పుడు ఒక్కోదానికి పాతిక సెకన్లు. తేలనిచోట బావ పొడుగు బల్ల మీద పడుకునేవాడు. అక్క ఆయన కాలు పట్టుకుని పుస్తకంలో ఉన్నట్టు తిప్పి చూసేది. ఆయన కేక పెడితే అక్కడ పాదం, కేక పెట్టకపోతే కాలు. పదిహేడో పేజీ దగ్గర ఆయన పెట్టిన కేకకి కింద టైర్ల కొట్టువాళ్ళు జాకీ పట్టుకుని పైకొచ్చారు.

“ఇంకెన్ని పేజీలే,” అని అడిగాడు బావ, పళ్ళు బిగించుకుని.

“మాట్లాడకండి. మీరిప్పుడు పేషెంటు.”

“నా తుంటి నిజంది. అది గుర్తుంచుకో.”

మాటకి అక్షరాలు పెరిగినచోట లైను పెరిగింది, లైను పెరిగినచోట బొమ్మలు లేచిపోయాయి. మోకాలి బొమ్మ ఎగిరి మెడ నొప్పి అధ్యాయంలో వాలింది. దాన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టేసరికి చీలమండ బొమ్మ వెళ్ళిపోయింది. దీనికంటే కోళ్ళని గంపలో పెట్టడం సులువు. ఇరవై రెండో పేజీ దగ్గర వాడు నిజం చెబుదామనుకున్నాడు. చెబితే అక్క ఆగిపోతుంది, టైము పోతుంది, అందుకని చెప్పట్లేదు అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. నలభయ్యో పేజీ దగ్గర కూడా అదే నచ్చజెప్పుకున్నాడు.

మూడుంబావు అయ్యేసరికి అరవై ఒకటో పేజీ చివర ఉన్నారు. మిగిలినవి ఇరవై తొమ్మిది. ‘మళ్ళీ నిలబడటం’ అనే అధ్యాయం. తాపీమేస్త్రి అధ్యాయం. అక్క అసలు పుస్తకం రాసింది దాని కోసమే, చివర్న పెట్టుకుంది.

సంఘం నియమాల్లో ఒక దారి ఉంది. దిద్దని పేజీలుంటే తప్పొప్పుల పట్టిక జతచేసి ఇవ్వొచ్చు. పట్టికలో ఏ పేజీలు, ఏం తప్పు, ఎందువల్ల అని మూడు గడులు. కింద అక్షరాలు కూర్చినవాడి సంతకం. ఆ పేజీలు పక్కన పెట్టి మిగతా పుస్తకం తీసుకుంటారు. పక్కన పెట్టినవాటి బదులు పాత పుస్తకంలో పేజీలే ఇంకో ఏడేళ్ళు నడుస్తాయి. కారణం అబద్ధమని తేలితే మాత్రం పుస్తకం మొత్తం వెనక్కి.

నా చేత్తో తప్పు మాట ఇవ్వను, పట్టిక కొట్టు అంది అక్క. వాడు కొట్టాడు. పేజీలు: 62 నుంచి 90. తప్పు: కాలు అన్నచోట కాలో పాదమో తేలదు. కారణం: దిద్దిన కాగితాలున్న సంచీ బస్సులో పోయింది. ప్రింటు తీసి సంతకం పెట్టాడు. వాడి సంతకం ఎప్పుడూ నెమలిలా ఉంటుంది. ఆ రోజు కోడిపిల్లలా ఉంది.

బస్సులో ముగ్గురూ నిలబడే వెళ్ళారు. బావ ఒక కాలు కుంటుతున్నాడు. అక్క పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని కిటికీలోంచి చూస్తోంది. వాడు మాత్రం కిటికీ వైపు చూడలేదు. ఆ దారిలో ప్రతి స్తంభం మీదా ఒక తెల్ల పిల్లి ఉంది.

ఆఫీసు కిటికీ దగ్గర ఇద్దరున్నారు. మూడో మనిషి అక్క. మూడూ యాభై మూడు. కిటికీ పక్క గోడ మీద కూడా పిల్లి ఉంది, మూడు మూలలే అంటించినట్టున్నారు, నాలుగో మూల గాలికి టపటపా కొట్టుకుంటోంది. వాడు అక్కకీ గోడకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. ఎండ తగులుతుందని ఇటు నిలబడ్డానక్కా అన్నాడు. ఎండ అటువైపు ఉంది.

అక్క వరస ముందుకి జరిగింది. గుమాస్తా పుస్తకం తిరగేశాడు, పట్టిక చదివాడు, కళ్ళజోడు పైనుంచి వాడి వైపు చూశాడు.

“ఈ సంతకం మీదేనా? సంచీ ఏ బస్సులో పోయింది?”

ఎప్పటిలాగే వాడి నోరు వాడికంటే ముందే బయల్దేరింది. పద్నాలుగో నంబరు బస్సు అన్నాడు. ఎర్ర చొక్కావాడు అన్నాడు. వెంట పడి నాలుగు స్టాపులు పరిగెత్తానన్నాడు. అయిదో స్టాపు చెప్పబోతుండగా పక్కన కాగితం చిరిగిన చప్పుడైంది.

ఎగిరే మూల వెనక ఎర్ర గీత కనబడ్డట్టుంది, అక్క ఆ మూల పట్టుకుని ఉంది. ఆవిడ చేతులు మనుషుల్ని లేపే చేతులు. ఒక్క లాగుకి పిల్లి మొత్తం ఊడొచ్చింది. వెనక్కి తిప్పింది. ముప్ఫై ఎనిమిదో పేజీ. జిగురు మరకల మధ్య ఎర్ర పెన్సిల్. ‘ఇక్కడ కాలు కాదు, పాదం. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది, మర్చిపోకు.’ అప్పటికే దిద్దేసిన పేజీ అది. కనీసం అరవై రెండు దాటిన పేజీ అయినా కాదు.

అక్క ఆ కాగితాన్ని కిటికీ గట్టు మీద, పట్టిక పక్కన పెట్టింది. ఎర్ర వైపు పైకి. బావ వంగి చదివాడు, పిల్లి వైపు తిప్పి చూశాడు, మళ్ళీ ఇటు తిప్పి పెట్టాడు. ఆయన దగ్గర కూడా హాస్యం అయిపోయింది.

“మిగతావి?” అని అడిగింది అక్క.

“ఊళ్ళో ఉన్నాయి,” అన్నాడు వాడు. “అన్నీ. గోడలకి.”

గుమాస్తాకి ఏదో అర్థమైంది. ఏళ్ళ తరబడి ఆ కిటికీలోంచి మనుషుల మొహాలు చూసినవాడు. గడియారం చూసి, పట్టికని వాడి వైపు జరిపాడు. ఇంకా మూడు నిమిషాలుంది, కారణం గడిలో ఉన్నది కొట్టేసి జరిగింది రాసిస్తే పుస్తకం తీసుకుంటాను, నాలుగు కొట్టాక మాత్రం నేను ఏం చెయ్యలేను అన్నాడు.

అక్క సంచీలోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది. వాడు బస్సుని కొట్టేశాడు. పక్కన ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మొదలుపెట్టి, అక్క మొహం చూసి, అదీ కొట్టేశాడు. ఆ తర్వాత ఆగకుండా రాశాడు. గడి చాలక, పట్టిక అంచుల వెంట కాగితం చుట్టూ తిప్పుకుంటూ రాశాడు.

‘కారణం నేను. కాగితాలు ఎక్కడా పోలేదు. రెండు రోజులు నా బల్ల మీదే ఉన్నాయి. మా అక్క మూడు వారాలు కూర్చుని దిద్దింది. నేను మూడు పేజీలు చూసి అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఆ తొంభై కాగితాల వెనక పిల్లి నోటీసులు అచ్చేసి ఇచ్చేశాను. బస్సు అబద్ధం, ఎర్ర చొక్కావాడు అబద్ధం. పొద్దున్నే నిజం చెప్పుంటే ముగ్గురం వెళ్ళి ఆ ఇరవై తొమ్మిదీ గోడల మీంచి ఊడదీసుకొచ్చేవాళ్ళం. టైముండేది. ఈ పేజీలు తప్పుగా ఉన్నది మా అక్క వల్ల కాదు, సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. నేను చెప్పకపోవడం వల్ల.’